కుడి అరికాలి చుక్క

దయ్యాలూ భూతాలూ నేను నమ్మను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, చివర్లో కూడా ఇదే చెప్తాను. మధ్యలో జరిగింది చదివి "అయితే నమ్ముతున్నట్టేగా" అని ఎవరైనా అంటే వాళ్లతో పోట్లాటకు నేను సిద్ధం.

నేను రైల్వేలో టికెట్లిచ్చే కౌంటర్లో పనిచేస్తాను, కాబట్టి పోట్లాట నాకు కొత్త కాదు. మాది కలకత్తా పక్కన టికియాపారా. మా తాత శ్రీకాకుళం నుంచి పట్టాల మీద పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టిందీ పెరిగిందీ రైల్వే క్వార్టర్లలోనే. షాలిమార్ యార్డులో తల లేని గార్డు తిరుగుతాడన్న కథ చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. మా నాన్న సర్వీసంతా ఆ యార్డులోనే చేశాడు. తల ఉన్న గార్డులే వేళకు డ్యూటీకి రారు, తల లేనివాడు వస్తాడా అనేవాడు. నేను ఆయన కూతుర్ని.

కౌంటర్లో కూర్చునే ఆడవాళ్లం నీళ్లు తాగం. తాగితే బాత్రూంకి వెళ్లాలి. అది ప్లాట్‌ఫారం అవతలి చివర ఉంటుంది. లేచామంటే క్యూలో ఉన్నవాళ్లు అద్దం మీద చిల్లరతో కొడతారు. అందుకని పొద్దున ఇంట్లో తాగిన టీతోనే మధ్యాహ్నం దాకా లాగించేస్తాం. దయ్యాల కంటే ఇది పెద్ద విషయం. దీని గురించి ఎవరూ రాయరు కాబట్టి ఇక్కడ నేను రాసి పెడుతున్నాను.

నాకు మొదట కుడి పక్క నడుం దగ్గర నొప్పి వచ్చేది. గ్యాస్ అనుకుని మాత్ర మింగేదాన్ని. కొన్నాళ్లకు నొప్పి రావడం మానేసింది. నొప్పి పోతే రోగం కూడా పోయిందనుకున్నాను. ఆ తర్వాత చలిజ్వరాలు మొదలయ్యాయి. మూత్రంలో మంట, మందు వాడితే తగ్గడం, మానేస్తే మళ్లీ రావడం. చివరికి మా ఆయన పోరు పడలేక దక్షిణ కలకత్తాలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాను. దాని పేరు రాయను. తప్పు జరగబోయిందీ అక్కడే, నేను బతికి బయటపడిందీ అక్కడే.

డాక్టర్‌బాబు పెద్దాయన, మెల్లగా మాట్లాడతాడు. కడుపుకి స్కాను తీయించాడు. తర్వాత సూదితో మందెక్కించి ఏ కిడ్నీ ఎంత పని చేస్తోందో చూసే ఇంకో పరీక్ష చేయించాడు. ఫిల్ములు వెలుగుకి పెట్టి చూపించాడు. కుడి కిడ్నీ కింద గొట్టంలో రాయి ఇరుక్కుంది. అది అడ్డుపడి మూత్రం వెనక నిలిచిపోయి, కిడ్నీ ఉబ్బి ఉబ్బి పల్చటి సంచిలా అయిపోయింది. ఇప్పుడు రాయి తీసినా అది మళ్లీ పనిచేయదు, ఉంచితే చీము పడుతూనే ఉంటుంది, తీసేయడమే దారి అన్నాడు. చిన్న కన్నాలు పెట్టి కెమెరాతో చేస్తామన్నాడు.

"మరి ఎడమది?" అన్నాను.

"ఎడమది బంగారం," అన్నాడు. "రెండు కిడ్నీల పనీ అదొక్కటే చేస్తోంది. మీరు దాని మీదే బతుకుతున్నారు."

ఆ మాట నా బుర్రలో మేకు కొట్టినట్టు దిగింది. కుడిది పోతే పోనీ, ఎడమది నా ప్రాణం. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే చాలు, మిగతా కథంతా అర్థమవుతుంది.

మా అత్తగారి సంగతి కూడా చెప్పాలి. మా ఆయన ఇక్కడ ఓడరేవు డాకుల్లో క్రేన్ నడుపుతాడు. ఆయన తల్లి మాత్రం సోంపేట దగ్గర పల్లె విడిచి ఎప్పుడూ రాలేదు. మామగారు డాకుల్లో పనిచేసినన్నాళ్లూ ఆవిడ ఊళ్లోనే ఉండిపోయింది. బెంగాలీ ముక్క రాదు, హిందీ ముక్క రాదు. ఆవిడది ఉద్దానం. ఆ చుట్టుపక్కల ఊళ్లలో కిడ్నీ అన్న మాట తెలియని పిల్లాడు కూడా ఉండడు. మామగారు రెండు కిడ్నీలూ పాడయ్యే పోయారు. కోడలికి కిడ్నీ ఆపరేషన్ అని తెలిసిన మర్నాడే ఆవిడ ఒక్కర్తే రైలెక్కి వచ్చేసింది.

ఆవిడకొక పట్టింపు ఉంది. ఎదుటివాళ్ల రోగం ఎక్కడో చెప్పాల్సి వస్తే తన ఒంటి మీద చూపించదు. చూపిస్తే అంటుకుంటుందట. రోగి ఒంటి మీద వేలు పెట్టి కూడా చూపించదు, పెడితే ముదురుతుందట. గోడ మీదో తలుపు మీదో చూపిస్తుంది. పక్క క్వార్టర్ ఆవిడ వచ్చి మీ కోడలికి ఎక్కడ బాగాలేదని అడిగితే మా ఫ్రిజ్ వెనక్కి వెళ్లి దాని వీపు మీద చూపించింది. మన ఫ్రిజ్‌కి కూడా ఆపరేషన్ చేయిద్దామా అత్తా అని నవ్వాను.

"నవ్వకు," అంది. "మీ మావకి నొప్పెక్కడని డాకటేరు అడిగితే నా నడుం మీద నానే సూపినాను ఒకపాలి. ఆ నొప్పి ఇప్పటికీ నన్నొదల్లేదు."

ఆపరేషన్ రోజు పొద్దున నర్సు నా గాజులు, తాడు, బొట్టు అన్నీ తీయించింది. సబ్బుతో స్నానం చేయించి గౌను తొడిగింది. సరిగ్గా అప్పుడే మా అత్తగారు చెంగు ముడి విప్పి కాటుక డబ్బీ తీసింది. ఆపరేషన్‌కి వెళ్లే మనిషికి అరికాల్లో దిష్టి చుక్క లేకుండా ఎలా పంపుతానంటుంది. మా ఇళ్లలో ఆడదానికి ఎడమ అరికాలు, మగవాడికి కుడి అరికాలు. నా పెళ్లికీ, నా పిల్లల బారసాలలకీ ఇదే లెక్క. ఆవిడ వేలికి కాటుక రాసుకుని నా ఎడమ కాలు పట్టుకునేలోపు నర్సు చూసేసింది.

మర్యాదగానే ఆపింది, కానీ ఆపింది. డబ్బీ తీసుకుని, గుమ్మం దగ్గర నిలబడ్డ మా ఆయన చేతికిచ్చి కిందికి పంపేసింది. మా అత్తగారి వేలు తనే దూదితో తుడిచింది. ఆ తర్వాత అనుమానమొచ్చి నా రెండు పాదాలూ స్పిరిట్‌తో తుడిచి, ఎత్తి చూసి మరీ దించింది. అప్పటికి నాకు మాత్ర ఇవ్వలేదు. పూర్తి తెలివిలో ఉన్నాను. రెండు అరికాళ్లూ శుభ్రంగా ఉన్నాయి. ఇది నేను కోర్టులో కూడా చెప్తాను.

తర్వాత కంగారు తగ్గడానికని ఒక మాత్ర ఇచ్చారు. నాకు కళ్లు మూతలు పడ్డాయి. ఇక్కడి నుంచి కొంత నేను చూసింది కాదు, తర్వాత ఆరా తీసి తెలుసుకున్నది.

ఒక కుర్ర డాక్టరు ఊదారంగు పెన్ను పట్టుకుని వచ్చాడు. ఏ పక్క ఆపరేషనో ఆ పక్క ఒంటి మీద బాణం గుర్తు వేయాలి, అది వాళ్ల పద్ధతి. నా ఫైలూ ఫిల్ములూ అప్పటికే థియేటర్‌కి వెళ్లిపోయాయి. అతను నన్ను లేపాడు, నేనేదో గొణిగాను. సరేనని పక్కనున్న మా అత్తగారిని అడిగాడు. బెంగాలీలో అడిగాడు, హిందీలో అడిగాడు, చివరికి చేతులతో సైగ చేసి ఇటా అటా అన్నాడు.

ఆవిడకు సైగ అర్థమైంది. తన ఒంటి మీద చూపించదు, నా ఒంటి మీద చూపించదు. గోడ దూరంగా ఉంది. మంచం మీది దిండు తీసి రెండు చేతులా నిలబెట్టి పట్టుకుంది. కిడ్నీ ఉండేది వీపు వైపు కాబట్టి దిండులో తన వైపున్నది నా వీపు అనుకుని, తన కుడి చేతి వైపు తట్టింది. ఎదురుగా నిలబడ్డ డాక్టరు తన వైపున్నది నా వీపు అనుకున్నాడు. అతనికి అది ఎడమ.

అతను దుప్పటి తొలగించి నా ఎడమ పక్కన బాణం వేసి వెళ్లిపోయాడు.

స్ట్రెచర్ వచ్చే వేళైందని నర్సు మా అత్తగారిని కిందికి పంపేసింది. గేటు దగ్గర పాసు తీసేసుకున్నారు. అది లేకుండా అక్కడి కాపలావాళ్లు మంత్రినైనా పైకి రానివ్వరు. ఆవిడ వెళ్లి మా ఆయన పక్కన టీ కొట్టు బల్ల మీద కూర్చుంది. కాటుక డబ్బీ మా ఆయన చొక్కా జేబులో ఉంది.

ఇప్పుడు నాకు జరిగింది చెప్తాను.

నేను నిద్రా కాదు మెలకువా కాదు. కిటికీలోంచి ఎండ పడుతోంది, కళ్లు మూసుకున్నా ఆ వెలుగు తెలుస్తోంది. కాళ్ల దగ్గర మంచం కాస్త కుంగింది. ఎవరో కూర్చున్నారు. చుట్ట వాసన వచ్చింది. సిగరెట్టు కాదు, చుట్ట. మా నాయనమ్మ తరం ఆడవాళ్లు నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవాళ్లు. ఆ వాసన ఒకసారి ఎరిగినవాళ్లు మరిచిపోరు. ఎవరో నా కుడి పాదం ఒడిలోకి తీసుకున్నారు. నాకు అరికాల్లో చక్కిలిగింత ఎక్కువ, లాక్కోబోయాను. గట్టిగా పట్టుకున్నారు. బొటనవేలు అరికాలి నడుమ నొక్కి తిప్పారు. చుక్కలు పెట్టడం అలవాటైన చేయి. భయం వేయలేదు, చిరాకు వేసింది. అత్తా, కుడికాలు కాదే అందామనుకున్నాను. నోరు తిరగలేదు.

తర్వాత థియేటర్ దీపాలే గుర్తు.

అక్కడి నర్సు కాళ్లకి బిగుతు మేజోళ్లు తొడగబోతూ ఆగింది. "దిది, ఎటా కే దిలో?" అంది. అరికాల్లో ఈ నల్లటిది ఎవరు పెట్టారని. వార్డులో నా పాదాలు తుడిచిన నర్సే నన్ను అప్పగించడానికి వచ్చి అక్కడే ఉంది. ఆవిడ ముఖం మాడిపోయింది. నేనే తుడిచానంటుంది.

నాకు మగతలోనే నవ్వొచ్చింది. మొత్తానికి మా అత్తగారు పంతం నెగ్గించుకుంది అనుకున్నాను. ఎడమ కాలికే కదా అన్నాను.

"కాదు, కుడి."

అది నాకు మింగుడు పడలేదు. ప్రపంచం తలకిందులైనా మా అత్తగారు ఆడదాని కుడి అరికాల్లో చుక్క పెట్టదు. చూద్దామని మోచేతుల మీద లేవబోయాను. గౌను తొలగింది. కాలు కనపడలేదు గానీ నా ఎడమ పక్కన ఊదారంగు బాణం కనిపించింది.

ఎడమది బంగారం.

ఎంత మత్తున్నా ఆ మాట మత్తెక్కలేదు. ఎడమ పక్క మీద రెండు చేతులూ వేసి కప్పేసుకున్నాను. పాడైంది కుడిది, మీరు బాణం వేసింది మంచిదాని మీద అని బెంగాలీలో, హిందీలో, తెలుగులో అరిచాను. మత్తు డాక్టరు నా భుజం తట్టి, మాత్ర వల్ల తికమక పడుతున్నారు, పడుకోండి అన్నాడు. ఆయన పెద్ద చదువు చదివినవాడే, ఒప్పుకుంటాను. కానీ నా కిడ్నీలు నావి. సూది దగ్గరికి తెస్తే చేయి కొరుకుతానన్నాను. కొరికేదాన్నే.

డాక్టర్‌బాబు చేతులు కడుక్కుంటున్నవాడల్లా లోపలికొచ్చాడు. ఫిల్ములు దీపానికి పెట్టి చూశాడు. నా పేరు అడిగాడు, చెప్పాను. ఏ పక్క అని అడిగాడు, చెప్పాను. తర్వాత తనే స్పిరిట్ తెచ్చి ఎడమ పక్కనున్న బాణం చెరిపి, కుడి పక్కన తన చేత్తో గీశాడు. "ఇప్పుడు పడుకుంటారా దిది?" అన్నాడు. పడుకున్నాను.

కుడిదే తీశారు. బాగా జరిగింది.

ఆ మర్నాడు ఆయన నా మంచం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కుర్ర డాక్టరు వెనక తల దించుకుని నిలబడ్డాడు. జరిగింది తప్పేనని పెద్దాయన దాచకుండా ఒప్పుకున్నాడు. అయితే కోసే ముందు ఫిల్ములతో మరోసారి సరిచూసుకునే పద్ధతి ఎలాగూ ఉంది, అక్కడైనా పట్టుబడేది అన్నాడు. పడేదేమో. నేను కాదనను. ఆయన మంచివాడు. కానీ బాణం వేసేటప్పుడు కూడా ఒక పద్ధతి ఉంది కదా బాబు అన్నాను.

చుక్క సంగతి అడిగితే మీ అత్తగారే పెట్టి ఉంటారు అన్నాడు. అందరూ అదే అన్నారు. నేనూ మొదట అదే అనుకున్నాను. ఆవిడ మళ్లీ ఎలా పైకొచ్చిందో, కాటుక ఎక్కడిదో తేలితే సరిపోయేది.

తేలలేదు. డబ్బీ మా ఆయన జేబులోంచి కదల్లేదు, తల్లి ఆయన పక్కనుంచి కదల్లేదు. నన్ను థియేటర్‌కి తీసుకెళ్లారని పైనుంచి కబురొచ్చేదాకా ఇద్దరూ ఆ బల్ల మీదే ఉన్నారు. టీ కొట్టువాడు కూడా అదే చెప్పాడు. నేను ఇంటికెళ్లే ముందు వాణ్ని కూడా వదల్లేదు.

ఇంకో సాక్షి ఉంది. నా పక్క మంచంలో మెటియాబ్రుజ్ నుంచి వచ్చిన సాబిరా ఆపా ఉండేది. భర్త దర్జీ. రాయి తీయించుకుని ఇంటికెళ్లే రోజు కోసం చూస్తోంది. ఏ మత్తూ లేదు, పట్టపగలు మంచం మీద కూర్చుని బిస్కట్లు తింటోంది. దిండు పట్టుకున్న మా అత్తగారిని ఆవిడ బాగా ఎరుగును. ఆ తర్వాత ఇంకో ముసలావిడ వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుందట. మా అత్తగారు కాదా అని అడిగాను. కాదు, ఆవిడ కంటే పొట్టి, పెదాలు నల్లగా కాలినట్టున్నాయి, నీ పాదం ఒడిలో పెట్టుకుంది, మీ చుట్టమే కదా అని నేను పట్టించుకోలేదు, కానీ ఆసుపత్రిలో పొగాకు వాసనేంటమ్మా అంది. చుట్ట వాసన సంగతి నేను అప్పటికి ఎవరికీ చెప్పలేదు.

మా అత్తగారు జన్మలో చుట్ట ముట్టలేదు. సాబిరా ఆపా చెప్పింది ఆవిడకు చెప్పి, ఎవరై ఉంటారత్తా అన్నాను. మా చుట్టాలైతే అప్పటికే చనిపోయినవాళ్లలోంచి తలొకరూ తలొక పేరు తీసి, కొబ్బరికాయలు కూడా కొట్టేశారు.

ఆవిడ ఒక్క పేరు కూడా తీయలేదు. "మా ఊళ్లో ముసలోళ్లందరూ అడ్డపొగ తాగీవోళ్లే," అంది. "సూడకుండా ఎవలని సెప్తాను."

ఇక అసలు గొడవ. దిండు సంగతి బయటపడగానే అందరూ ఆవిడ మీద పడ్డారు. నా తమ్ముడు, మరదలు, పక్క క్వార్టర్లవాళ్లు, అందరూ. మీ మూఢనమ్మకం కోడలి ప్రాణం తీసేదన్నారు. పెన్ను పట్టుకుని ఫిల్ము చూడకుండా గీసినవాడి మీద రాని కోపం, వాడి భాష రాని ముసలిదాని మీద వచ్చింది. నా మంచం పక్కనే అన్నారు. కుట్లు లాగుతున్నా లేచి కూర్చుని అందరినీ బయటికి పొమ్మన్నాను. ఆవిడ మాత్రం అన్నం మానేసింది.

మా ఆయన తట్టుకోలేకపోయాడు. తల్లి పక్కన నేల మీద కూర్చుని బతిమాలాడు. "అమ్మా, ఆ చుక్క నానే పెట్టినానని ఒక్క మాట సెప్పీ. తప్పు సేసినా నువ్వే కాపాడినావని అందరూ నోరు మూసుకుంతారు. నాను కూడా నువ్వే పెట్టినావని సెప్తాను."

నాకూ ఆవిడ సరేనంటే బాగుండుననిపించింది. నిజం చెప్పొద్దూ, ఆ మాట నాక్కూడా కావాలి. తల ఊపితే చాలు, డాక్టర్లకూ హాయి, చుట్టాలకూ హాయి, దయ్యాలను నమ్మని నాకు అందరికంటే హాయి.

"పెట్టుంటే పెట్టినానని సెప్పీదాన్ని," అంది ఆవిడ. "నాను పెట్టలేదు బాబూ. నన్ను పెట్టనిస్తే ఎడం కాలికే పెట్టీదాన్ని."

ఎడమ అరికాల్లో చుక్క, ఎడమ పక్కన బాణం. రెండూ ఒకే వైపుంటే నేను మా అత్తగారు నెగ్గిందని నవ్వుకుని కళ్లు మూసుకునేదాన్ని. అది మా అందరికంటే ముందు ఆవిడకే తట్టింది. తట్టి కూడా అబద్ధం ఆడలేదు. ఎవరికేం తెలిసినా తెలియకపోయినా, ఈ విషయంలో నాకు ఆవిడ మాట చాలు.

నన్ను ఇంటికి పంపే రోజు ఆ కుర్ర డాక్టరు కట్టు చూడటానికి వచ్చాడు. మా అత్తగారు కుర్చీలోంచి లేచింది. అతను భయపడ్డాడు, తిడుతుందేమోనని. ఆవిడ నాకూ అతనికీ మధ్య నిలబడి, అతనికి వీపు చూపిస్తూ తిరిగింది. చీర సర్దుకుని అరచేయి తన కుడి నడుం మీద వేసి గట్టిగా చరిచింది. ఒకసారి కాదు, అతను చూశానని తల ఊపేదాకా.

"ఇదీ," అంది. "ఇటు పక్క. నా ఒంటి మీదే సూపుతన్నాను, సరిగ్గా సూసుకో నాయినా."

నాకు ఏడుపొచ్చింది. అంటుకుంటుందని ఆవిడ నిజంగా నమ్ముతుంది. నమ్మే చరిచింది.

ఇప్పుడు నేను కౌంటర్లో నీళ్ల సీసా పెట్టుకుంటున్నాను. అద్దం మీద ఎంత కొట్టినా లేచి బాత్రూంకి వెళ్తున్నాను. పరీక్షకు వెళ్లినప్పుడల్లా ఎడమది బాగానే ఉందని డాక్టర్‌బాబు చెప్తున్నాడు. కాటుక మచ్చ కొన్నాళ్లకు దానంతటదే పోయింది, నేను రుద్దలేదు.

దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. మా అత్తగారు పెట్టలేదు. నా కాలు మాత్రం ఎవరో పట్టుకున్నారు.